టూర్ డి ఫ్రాన్స్‌ని సగం నమ్మి చూడడం ఎలా

ఫ్రాన్స్‌లో ఏటా జూలైలో జరిగే సైకిల్ పోటీ టూర్ డి ఫ్రాన్స్. దాని విజేతల పట్టికలో 1999 నుంచి 2005 దాకా ఏడు గడులు ఖాళీగా ఉంటాయి. ఆ ఏడూ ఒకప్పుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌వి. నిషేధిత మందులు వాడాడని 2012లో ఆయన పేరు కొట్టేశాక రెండో స్థానంలో ఉన్నవాళ్ళకి ఇద్దామంటే, వాళ్ళలో చాలామంది చేతులకూ అదే మసి. అందుకే ఎవరికీ ఇవ్వకుండా వదిలేశారు.

ఇదంతా తెలిసి కూడా జూలై వచ్చేసరికి ఎవరి మనసు అటు లాగుతుందో, వాళ్ళకోసం ఈ పద్ధతి. ‘అంతా మందుల మాయే’ అని టీవీ కట్టేసేవాళ్ళకి దీంతో పని లేదు. ‘పరీక్షల్లో దొరకలేదుగా’ అని సరిపెట్టుకునేవాళ్ళకీ లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ళ తరబడి ఆ ఒక్క మాటతోనే నెగ్గుకొచ్చాడు. మధ్యలో చిక్కుకున్నవాళ్ళు చూసేదాన్ని రెండు ఖాతాలుగా రాసుకోవాలి. మందు ఇవ్వగలిగింది ఒక ఖాతా, మందు ఇవ్వలేనిది ఇంకో ఖాతా. కొండమీద ఆఖరి పది కిలోమీటర్ల వేగం మొదటి దాంట్లోకి పోతుంది. పక్కగాలిని ముందే పసిగట్టడం, కెప్టెన్ కోసం తన చక్రం విప్పి ఇచ్చేయడం, జ్వరంతో కూడా గడువులోపు గమ్యం చేరడం రెండో దాంట్లోకి. మొదటి ఖాతాలో మెచ్చుకోలు అప్పుగా మాత్రమే ఇవ్వండి. రెండో దాంట్లో చెయ్యి బిగించాల్సిన పనిలేదు.

ముందు దారి చదవాలి

21 స్టేజ్‌లు, అంటే రోజుకొకటి చొప్పున 21 పందేలు, రెండు విశ్రాంతి రోజులు, మొత్తం 23 రోజులు. దూరం ఈమధ్య ఏళ్ళలో సుమారు 3,300 నుంచి 3,500 కి.మీ. 22 లేదా 23 జట్లు, జట్టుకి ఎనిమిది మంది. అన్నీ మొదటినుంచి చివరిదాకా చూద్దామనుకోవడం కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు. చదునైన స్టేజ్‌లో నాలుగు గంటలసేపు కనిపించేది పొద్దుతిరుగుడు తోటలు, చర్చి గోపురాలు, నింపాదిగా సాగిపోయే పెలోటాన్, అంటే ప్రధాన గుంపు. మూడో రోజుకి విసుగొచ్చి మానేస్తారు. అసలు పోరు ఆ తర్వాత మొదలవుతుంది.

దారి వివరాలు అంతకుముందు అక్టోబరులోనే ప్రకటిస్తారు. ప్రతి స్టేజ్‌కీ కొండలూ లోయలూ చూపించే బొమ్మ ఒకటి ఉంటుంది. ఆ బొమ్మలో ఎత్తుని చాలా సాగదీసి గీస్తారు కాబట్టి ప్రతి కొండా గోడలాగే కనిపిస్తుంది. బొమ్మ వదిలేసి మూడు అంకెలు చూడండి: ఎక్కుడు పొడవు, సగటు వాలు శాతం, శిఖరం నుంచి గమ్యానికి ఎంత దూరం. ఈ మూడోది అన్నిటికంటే ముఖ్యం. 2,115 మీటర్ల టూర్మలే కనుమ గమ్యానికి వంద కిలోమీటర్ల ముందు వస్తే అది చాలావరకు ప్రకృతి దృశ్యమే. ముప్ఫై కిలోమీటర్ల లోపు వస్తే యుద్ధం. ఇక కొండలకి వేసే తరగతి అంకెలు 4 నుంచి 1 వరకు కష్టం పెరుగుతూ పోతాయి. వాటన్నిటినీ మించినదాన్ని ‘ఓర్ కాటగొరీ’ అంటారు, ఏ తరగతికీ అందనిదని అర్థం.

సగటు వాలుని మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. మధ్యలో ఒక చదును ముక్క ఉంటే సగటు పడిపోయి కొండ మెత్తగా కనిపిస్తుంది. ఆల్ప్ డుయేజ్ 13.8 కి.మీ., 8.1 శాతం, 21 హెయిర్‌పిన్ మలుపులు. దాదాపు ఒకే తీరున ఎక్కుతుంది కాబట్టి అక్కడ సగటు నిజమే చెబుతుంది. కోల్ ద లా లోజ్‌లో చెప్పదు. 2023లో స్లోవేనియా రైడర్ తదేయ్ పొగాచర్ సత్తువ ఉడిగి కూలిపోయిన ఆ కొండ పైభాగంలో దారి ఒక్కసారిగా నిటారుగా లేచి, అంతలోనే తేలికపడి, మళ్ళీ లేస్తుంది. కాబట్టి కిలోమీటరు వారీ వాలు ఇచ్చే పటం దొరికితే అదే చూడండి.

గుర్తు పెట్టుకోవాల్సిన రోజులు ఇవి: శిఖరం మీద ముగిసేవన్నీ, ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్స్, రాళ్ళబాటో కంకరబాటో ఉన్న రోజు (2022 అయిదో స్టేజ్, 2024 తొమ్మిదో స్టేజ్ అలాంటివి), సముద్రతీరం పక్కన చెట్లు లేని మైదానం మీదుగా సాగే రోజు. మొత్తం ఏడో ఎనిమిదో తేలతాయి. మిగతావాటికి చివరి నలభై నిమిషాలు చాలు.

జూలైలో ఫ్రాన్స్ కంటే మన గడియారం మూడున్నర గంటలు ముందు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి బయల్దేరితే ఇక్కడ నాలుగున్నర. ముగింపు సాధారణంగా మనకి రాత్రి ఎనిమిదిన్నరకీ తొమ్మిదింపావుకీ మధ్య పడుతుంది, అంటే ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నా అసలుది తప్పిపోదు. పారిస్‌లో ఆఖరి స్టేజ్ అక్కడి సాయంత్రం కాబట్టి మనకి పదిన్నర దాటుతుంది. న్యూజెర్సీలో ఉన్నవాళ్ళకి మామూలు స్టేజ్ ఉదయం పదకొండున్నర ప్రాంతంలో ముగుస్తుంది, డాలస్‌లో పదిన్నరకి. సిడ్నీ వాళ్ళకే కష్టం, అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర.

గుంపు ఎందుకు అలా నడుస్తుంది

చదునునేల మీద సైకిల్ తొక్కేవాడి శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. ముందువాడి చక్రం వెనక నక్కితే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. 121 మంది గుంపు నమూనా మీద ఐండ్‌హోవెన్‌లో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గుంపు కడుపులో ఉన్నవాడికి తగిలే గాలి నిరోధం ఒంటరిగా తొక్కేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేలింది. ఈ పోటీలో జరిగే ప్రతి కుట్రా, ప్రతి స్నేహమూ ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి. కొండమీద వేగం గంటకి ఇరవై, ఇరవైరెండు కిలోమీటర్లకి పడిపోతుంది కాబట్టి నక్కడం వల్ల లాభం తగ్గి, ఒంటి బలమే మిగులుతుంది. చదును రోజుల్లో ఎత్తుగడ, కొండ రోజుల్లో గుండె, ఊపిరితిత్తులు అని గుర్తుంచుకోండి. మన రెండు ఖాతాలూ దాదాపు అక్కడే విడిపోతాయి.

మొదటి గంటలో కొందరు ముందుకి దూకుతారు. అదే బ్రేక్‌అవే. వాళ్ళు దొరుకుతారో లేదో ఇంట్లో కూర్చుని లెక్కేయడానికి పాత సూత్రం ఒకటుంది. ఫ్రెంచ్ వ్యాఖ్యాత రొబేర్ షపాత్ పేరు మీద చెబుతారు: పెలోటాన్ గట్టిగా తరిమితే పది కిలోమీటర్లకి ఒక నిమిషం తగ్గిస్తుంది. నలభై కిలోమీటర్లు ఉండగా తేడా మూడు నిమిషాలైతే దొరికిపోతారు. అయిదున్నర ఉంటే ముందువాళ్ళలో ఎవరో ఒకరు గెలుస్తారు.

ఈ లెక్క తప్పే సందర్భాలు తెలుసుకుంటేనే ఆట అర్థమవుతుంది. చివర్లో కొండ ఉంటే తప్పుతుంది. మూడో వారంలో జట్లన్నీ అలిసిపోయి తరిమే నాథుడు లేకపోతే తప్పుతుంది. ముందున్నవాళ్ళలో ప్రతి పెద్ద జట్టు మనిషీ ఉంటే వెనక ఎవరూ చెయ్యి కలపరు, అప్పుడూ తప్పుతుంది. ఇంకొకటి: ముప్ఫై కిలోమీటర్లు ఉండగా తేడా ఒక నిమిషం దగ్గర కదలకుండా నిలిచిపోతే అది ముందువాళ్ళ గొప్పతనం కాదు. ఇప్పుడే పట్టేస్తే కొత్తవాళ్ళు దూకుతారని వెనకవాళ్ళే ఆపి ఉంచుతారు. పిల్లి ఎలుకని ఆడించినట్టు.

పక్కగాలి రోజు ఇంకా రుచిగా ఉంటుంది. గాలి పక్కనుంచి కొడితే నక్కే చోటు ముందువాడి వెనక కాకుండా ఏటవాలుగా పక్కకి జరుగుతుంది. అలా ఏటవాలు వరుసలో రోడ్డు వెడల్పు ఎంతమందికి సరిపోతుందో అంతమందికే చోటు. మిగిలినవాళ్ళు రోడ్డు అంచున గాలికి ఎదురొడ్డి ఒకరి వెనక ఒకరు వేలాడుతూ, చివరికి తెగిపోతారు. 2013లో సాంటమాన్-మోంట్రోన్ స్టేజ్‌లో పసుపు జెర్సీలో (అన్ని స్టేజ్‌ల సమయం కలిపితే అందరికంటే ముందున్నవాడు వేసుకునేది) ఉన్న క్రిస్ ఫ్రూమ్ ఇలాగే ఒక నిమిషం పైన పోగొట్టుకున్నాడు. చక్రం పంక్చరైన అతని పోటీదారు వల్వెర్దేకి దాదాపు పది నిమిషాలు పోయాయి. తెరమీద గుర్తు పట్టడానికి రోడ్డు పక్క జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూడండి. దారి మలుపు తిరిగే చోటికి ముందు ఒకే జట్టువాళ్ళంతా తోసుకుంటూ ముందుకి చేరుతుంటే, రెండు నిమిషాల్లో గొడవ మొదలవుతుందని అర్థం. టీ పెట్టుకోవడానికి లేవకండి.

ముగింపులో రెండు నియమాలు తెలియకపోతే సమయాల పట్టిక అర్థం కాదు. చదును స్టేజ్‌లలో చివరి మూడు కిలోమీటర్లలో పడిపోయినా, సైకిల్ చెడిపోయినా, ఏ గుంపులో ఉండగా జరిగిందో ఆ గుంపు సమయమే ఇస్తారు. కొన్ని స్టేజ్‌లకి ఈ హద్దుని అయిదు కిలోమీటర్ల దాకా పెంచుతున్నారు. టైమ్ ట్రయల్ కాని స్టేజ్‌లలో మొదటి ముగ్గురికీ 10, 6, 4 సెకన్లు తగ్గిస్తారు. సెకన్లే కదా అనుకోవద్దు. 1989లో 3,000 కిలోమీటర్లకి పైగా తొక్కాక లెమాండ్ ఫిన్యోని ఓడించింది ఎనిమిది సెకన్లతో.

పట్టికని కింది నుంచి చదవడం

పసుపు జెర్సీ మీద నమ్మకం సగమే ఉన్నప్పుడు, కళ్ళు పెట్టడానికి ఇంకొకరు కావాలి. మొదటి రోజే ఇద్దర్ని ఎంచుకోండి: ఒక కూలీ రైడర్, ఒక స్ప్రింటర్, అంటే చదును ముగింపుల్లో ఆఖరి క్షణాన దూసుకెళ్ళేవాడు. కూలీ అంటే డొమెస్టీక్. కారు దగ్గరికి వెనక్కి వెళ్ళి ఏడెనిమిది నీళ్ళ సీసాలు చొక్కాలో కుక్కుకుని మళ్ళీ ముందుకి మోసుకొచ్చేవాడు. వంద కిలోమీటర్లు గాలికి ఎదురు తొక్కి, ముగింపుకి ఇరవై కిలోమీటర్ల ముందు పక్కకి తప్పుకుంటే కెమెరా అతన్ని వదిలేస్తుంది. మీరు వదలకండి. మర్నాడు పట్టికలో అతను ఎంత వెనక వచ్చాడో చూస్తే ఆ జట్టు నిన్న ఎంత ఖర్చు పెట్టిందో తెలుస్తుంది.

స్ప్రింటర్ సంగతి కొండ రోజున చూడాలి. ప్రతి స్టేజ్‌కీ గడువు ఉంటుంది: విజేత సమయం మీద ఇంత శాతం అని. స్టేజ్ కష్టాన్ని బట్టీ విజేత సగటు వేగాన్ని బట్టీ ఆ శాతం మారుతుంది. విజేత అయిదు గంటల్లో వచ్చాడు, శాతం 12 అనుకుంటే గడువు 36 నిమిషాలు. దాటితే ఇంటికే. బరువైన స్ప్రింటర్లంతా కలిసి ‘గ్రుపెత్తో’ అనే వెనక గుంపు కడతారు. ఎక్కుడులో మరీ వెనకబడకుండా, దిగుడులో ప్రాణాలకి తెగించి, లోయలో ఒకరి వెనక ఒకరు నక్కుతూ లెక్కగా వస్తారు. ఎక్కడ చెడుతుందంటే, ముందు విజేత అనుకున్నదానికంటే వేగంగా వెళ్ళినప్పుడు. చేరాల్సిన వేళ దానంతట అదే ముందుకి జరుగుతుంది. లేదా గుంపు రెండుగా చీలినప్పుడు. అప్పుడు వెనక ముక్కలో పంచుకోవడానికి మనుషులు చాలరు. పెద్ద గుంపుని ఇంటికి పంపడానికి నిర్వాహకులు జంకుతారు, అందుకే గుంపుగా ఉండటమే రక్షణ. 2011లో గాలిబియె స్టేజ్‌లో 88 మంది గడువు దాటారు. అందర్నీ ఉండనిచ్చి 20 పాయింట్లు కోశారు. ఆ కోత పడిన మార్క్ కావెండిషే ఆ ఏడాది, పాయింట్లలో ముందున్నవాడికి ఇచ్చే ఆకుపచ్చ జెర్సీ గెలిచాడు.

2024 మొదటి స్టేజ్ ఫ్లోరెన్స్ నుంచి రిమినికి. మండుటెండలో 39 ఏళ్ళ కావెండిష్ వాంతులు చేసుకుంటూ వెనకబడితే, జట్టువాళ్ళు అతని చుట్టూ ఉండి గడువులోపు లాక్కొచ్చారు. అయిదో స్టేజ్‌లో, జూలై 3న, సాంవుల్బాలో అతను 35వ స్టేజ్ గెలిచి ఎడ్డీ మెర్క్స్ 34 రికార్డుని దాటాడు. ఆ 35లో ఎంత వాటా ఆ మొదటి రోజు మోసినవాళ్ళదో పట్టికలో ఎక్కడా ఉండదు. అదే ఏడాది ఎరిట్రియాకి చెందిన బినియమ్ గిర్మాయ్ మూడో స్టేజ్ గెలిచాడు. టూర్‌లో స్టేజ్ గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ అతనే. ఆకుపచ్చ జెర్సీ కూడా ఇంటికి పట్టుకుపోయాడు. చదును స్టేజ్ విజయానికి 50 పాయింట్లు, పెద్ద కొండల స్టేజ్‌కి 20 మాత్రమే కాబట్టి ఆకుపచ్చ ఇంకా స్ప్రింటర్ల కథగానే మిగిలింది. కొండల పాయింట్లలో ముందున్నవాడికి ఇచ్చే ఎర్ర చుక్కల జెర్సీ అలా మిగల్లేదు. శిఖరం మీద ముగిసే స్టేజ్‌లలో పాయింట్లు ఎక్కువ, పసుపువాడే అవి గెలుస్తున్నాడు. 2020, 2021, 2025లో ఆ రెండు జెర్సీలూ పొగాచర్‌కే దక్కాయి. దానిమీద మనసు పెట్టుకోకపోవడం మంచిది.

అందరికంటే చివరివాణ్ని ‘లాంతర్న్ రూజ్’ అంటారు. రైలు ఆఖరి పెట్టెకి వేలాడే ఎర్ర దీపం పేరు.

ఫలితం రెండో వారానికే తేలిపోయిన ఏడాది ఈ కింది నుంచి చదివే పద్ధతే ఆదుకుంటుంది. మొదటి, రెండో స్థానాల మధ్య ఆఖరి తేడా 2024లో 6 నిమిషాల 17 సెకన్లు, 2025లో 4 నిమిషాల 24. ఇంత తేడా ఉంటే మూడో వారంలో పసుపు కోసం ఎదురుచూడడం వృథా. మూడో స్థానం కోసం, యువ రైడర్లలో ముందున్నవాడి తెల్ల జెర్సీ కోసం, బ్రేక్‌అవేలో స్టేజ్ కోసం జరిగే కొట్లాట చూడండి. ఇంకో దారి ఉంది: పురుషుల పోటీ ముగిసే సమయానికో ఆ తర్వాతో మొదలయ్యే మహిళల టూర్. ఇప్పటి రూపంలో 2022లో మొదలై, ఎనిమిది స్టేజ్‌లతో నడిచి, 2025లో తొమ్మిదికి పెరిగింది. 2024లో ఆల్ప్ డుయేజ్ మీద కాషా నీవియదోమా, డెమీ వోలరింగ్ కంటే నాలుగు సెకన్లు ముందు నిలిచి గెలిచింది. ఆమెకి దక్కిన మొదటి బహుమతి 50,000 యూరోలు. పురుషుల విజేతకి 5,00,000. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు వచ్చే చిరాకు కూడా అభిమానంలో భాగమే అనుకోవాలి, దాచుకోనక్కర్లేదు.

చొక్కా మీద ఎవరి పేరు

రోడ్డు పక్కన నిలబడి చూడడానికి టికెట్ లేదు. అదే ఈ పోటీ అందం, అదే దాని జబ్బు. స్టేడియం ఆదాయం ఉండదు. టీవీ హక్కుల డబ్బు, స్టేజ్‌కి ఆతిథ్యమిచ్చే ఊళ్ళు కట్టే రుసుము నిర్వాహక సంస్థ ఏఎస్‌ఓకి వెళ్తాయి. జట్లకి టీవీ డబ్బులో వాటా లేదు. కాబట్టి జట్టు బతకాలంటే చొక్కా అమ్ముకోవడం ఒక్కటే మార్గం, కొనేవాడు తప్పుకుంటే జట్టు మూతపడుతుంది. ఏళ్ళ తరబడి తప్పుకోకుండా ఎవరు ఉండగలరు? చమురు రాజ్యాలు, పెద్ద రసాయన కంపెనీలు. యూఏఈ, బహ్రెయిన్, కజకిస్తాన్ రాజధాని పేరు మోసే ఆస్తానా, టోటల్ ఎనర్జీస్, ఇనియోస్ పేర్లు పెలోటాన్‌లో ఎందుకున్నాయో దీంతో తెలుస్తుంది. 2025 సెప్టెంబరులో స్పెయిన్ టూర్‌లో ఇజ్రాయెల్ పేరున్న జట్టుకి వ్యతిరేకంగా నిరసనలు చెలరేగి మాడ్రిడ్‌లో ఆఖరి స్టేజ్ మధ్యలోనే ఆగిపోయింది. సైకిల్ పోటీ రాజకీయాలకి దూరం అనే మాట ఎవరైనా అంటే ఇది గుర్తు చేయండి.

చేయగలిగింది చిన్నదే. జట్టుకి కాకుండా మనిషికి అభిమానిగా ఉండటం. మెచ్చినవాడి చొక్కా నకలు కొనేముందు దానిమీద ఎవరి పేరుందో చదవడం.

కొండమీద లెక్క వేయడం

ఇప్పుడు అప్పు ఖాతా. పెద్ద కొండ ముగిశాక అభిమానులు సమయాలు పట్టుకుని కిలో బరువుకి ఎన్ని వాట్లు అని లెక్కలు కడతారు. మీరూ కట్టొచ్చు. కావాల్సినవి మూడు: ఎక్కిన ఎత్తు మీటర్లలో, పట్టిన సమయం, సగటు వాలు.

2024 జూలై 14న ఎక్కిన ప్లాటో ద బెయ్ కొండ తీసుకుందాం. 15.8 కి.మీ., 7.9 శాతం, అంటే ఎత్తు సుమారు 1,250 మీటర్లు. పొగాచర్ 40 నిమిషాలకి కాస్త తక్కువలో ఎక్కాడు. లెక్క తేలిక కోసం 40 అనుకోండి. గంటకి ఎన్ని మీటర్ల ఎత్తు? 1,250ని 40తో భాగించి 60తో గుణిస్తే 1,875. ఇప్పుడు వాలు శాతాన్ని పదితో గుణించి 200 కలపండి: 279. 1,875ని 279తో భాగిస్తే సుమారు 6.7. కిలోకి 6.7 వాట్లు అన్నమాట. అదే కొండ మీద 1998లో, ఆ ఏటి విజేత మార్కో పాంటానీకి నలభైమూడున్నర నిమిషాలు పట్టింది, లెక్క ప్రకారం 6.2. పాంటానీ కాలం ఎలాంటిదో అందరికీ తెలుసు: ఆ ఏటి నమూనాలని తర్వాత మళ్ళీ పరీక్షిస్తే ఆయనదానిలో ఈపీఓ (రక్తంలో ఎర్రకణాలని పెంచే నిషేధిత మందు) ఉన్నట్టు 2013లో ఫ్రెంచ్ సెనెట్ నివేదిక బయటపెట్టింది. 2024లో ఆ రోజు ఒక నిమిషం ఎనిమిది సెకన్లు వెనక వచ్చిన డెన్మార్క్ రైడర్ వింగెగార్డ్ కూడా పాంటానీ కంటే ముందే ఎక్కాడు.

గుండె ఝల్లుమంటుంది. అక్కడే ఆగి, ఈ లెక్క ఎక్కడెక్కడ మోసం చేస్తుందో చూడాలి. వెనకగాలి చిన్నదైనా నిమిషం తేడా తెస్తుంది. కొండ ఎక్కడ మొదలైనట్టు అనే గీతని రెండు వందల మీటర్లు అటూ ఇటూ జరిపితే సమయం అర నిమిషం మారుతుంది. పాత వీడియోలతో పోల్చేటప్పుడు జరిగే ప్రధాన తప్పు ఇదే. ముందు జట్టు మనుషులు ఎంతసేపు లాగారు, అంతకుముందు ఎన్ని కొండలు ఎక్కారు, ఎండ ఎంత, తారు ఎంత నునుపు అన్నవేవీ సూత్రంలో ఉండవు. ఇక మందు ప్రమేయం లేకుండా మారినవి చాలా ఉన్నాయి. ఒకప్పుడు గంటకి 60 గ్రాముల పిండిపదార్థం తినేవారు, ఇప్పుడు 90 నుంచి 120 గ్రాములు పొట్టకి అలవాటు చేయించి తినిపిస్తున్నారు. చివరి కొండకి వచ్చేసరికి కాళ్ళలో ఇంకా ఇంధనం ఉంటోంది. 23 మిల్లీమీటర్ల టైర్లు పోయి 28, 30 వచ్చాయి, గాలి ఒత్తిడి తగ్గింది, రోడ్డు మీద వృథా తగ్గింది. సైకిల్ కనీస బరువు మాత్రం ఇప్పటికీ 6.8 కిలోలే. 2005లో ఆర్మ్‌స్ట్రాంగ్ సగటు గంటకి 41 కిలోమీటర్ల పైన. 2022లో, 2025లో విజేత సగటు 42 దాటింది. ఈ పెరుగుదలలో ఎంత తిండిది, ఎంత టైరుది, ఎంత ఇంకేదానిదో వేరు చేసి చూపించగల సూత్రం లేదు.

అన్నట్టు, ఈ సూత్రం మిఖేలే ఫెరారీ అనే వైద్యుడి పేరు మీద చలామణిలో ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ కేసులో జీవితకాల నిషేధం పడిన వైద్యుడు ఆయనే. దొంగని పట్టే తూనికరాయి కూడా దొంగ ఇంట్లోదే.

అనుమానం రాసుకునే పద్ధతి

ఒక నోటుబుక్కులో నాలుగు నిలువు గీతలు గీయండి: ఏడాది, పేరు, తెలిసింది, గడువు.

‘తెలిసింది’ అనే గడిలో రాయదగినవి తక్కువ. నమూనాలో దొరకడం, బయొలాజికల్ పాస్‌పోర్టు (రైడర్ రక్తంలో మార్పుల రికార్డు) ప్రకారం పడిన నిషేధం, పోలీసులు పట్టుకున్న సరుకు, ప్రమాణం మీద ఇచ్చిన సాక్ష్యం. చరిత్ర చూస్తే పెద్ద చేపలు పడింది ఎక్కువగా చివరి రెండిటితోనే. 1998లో ఫెస్టినా జట్టు బాగోతం బయటపెట్టింది ఏ ప్రయోగశాలా కాదు. జూలై 8న బెల్జియం సరిహద్దులో జట్టు సహాయకుడి కారు ఆపి తనిఖీ చేసిన కస్టమ్స్ వాళ్ళు. ఆ ఏడాది 189 మంది బయల్దేరితే పారిస్ చేరింది 96 మంది. 2006లో స్పెయిన్‌లో ఆపరేషన్ ప్యూర్టో పోలీసు దాడి. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని కూల్చింది పాత జట్టువాళ్ళ సాక్ష్యాలు. ‘వందల పరీక్షల్లో నెగ్గాడు’ అనేదానికి మార్కులు వేయకూడదన్నది అందుకే.

పరీక్షలు ఎందుకు తప్పిపోతాయో కూడా తెలియాలి. 1997లో రక్తంలో ఎర్రకణాల వాటాకి 50 శాతం హద్దు పెట్టారు, అప్పటికి ఈపీఓని నేరుగా పట్టే పరీక్ష లేదు. హద్దు పెట్టిన మరుక్షణం అదే లక్ష్యంగా మారింది, 49 దగ్గర ఆపుకున్నారు. ఈపీఓ పరీక్ష 2001లో సైక్లింగ్‌లోకి వచ్చాక మోతాదులు చిన్నవయ్యాయి, ఆనవాళ్ళు గంటల్లో చెరిగిపోసాగాయి. 2008లో వచ్చిన పాస్‌పోర్టు పద్ధతి ఒక్క రోజు నమూనా కాకుండా ఏళ్ళ తరబడి ఒకే మనిషి రక్తం ఎలా మారుతోందో చూస్తుంది. మునుపటికంటే మెరుగే, కానీ మెల్లగా, జాగ్రత్తగా చేసేవాడికి దానిలోనూ సందు ఉంటుంది. కాపలా కాసేవాళ్ళ సంగతి చెప్పాలంటే, అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒకప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ నుంచే విరాళాలు పుచ్చుకుంది. 2021 నుంచి పరీక్షల బాధ్యత ఇంటర్నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ అనే విడి సంస్థ చేతికి వెళ్ళింది. టూర్‌లో రోజూ స్టేజ్ విజేతకీ పసుపు జెర్సీకీ పరీక్ష తప్పదు.

రాయకూడనివి ఎక్కువ. నోరు మూసుకుని ఊపిరి పీలుస్తున్నాడు, ముగింపులో నవ్వుతున్నాడు, నిన్న ఓడినవాడు ఇవాళ గెలిచాడు లాంటివి ముచ్చట్లకి పనికొస్తాయి, పుస్తకానికి కాదు. సైకిల్లో మోటారు ఉందనే మాట ప్రతి ఏడాదీ వినిపిస్తుంది. 2016లో సైక్లోక్రాస్ ప్రపంచ పోటీల్లో ఒక సైకిల్లో నిజంగానే దొరికింది, టూర్‌లో మాత్రం ఇప్పటిదాకా ఎవరి సైకిల్లోనూ దొరకలేదు. పొగాచర్ మీదా వింగెగార్డ్ మీదా నిరూపితమైనది ఏదీ లేదు. ఆ గడి ఖాళీగా ఉంచాలి, ఎంత చెయ్యి దురదపెట్టినా సరే.

రెండిటికీ మధ్యన, పెన్సిల్‌తో రాసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి. 2008 టూర్‌లో రికార్డో రిక్కో పట్టుబడి సోనియె దువాల్ జట్టు పోటీ వదిలి వెళ్ళినప్పుడు ఆ జట్టు మేనేజరు మౌరో జియానెట్టి. నేటి యూఏఈ జట్టుని నడుపుతున్నదీ ఆయనే. దీనివల్ల ఇప్పటి రైడర్ తప్పు చేశాడని రుజువు కాదు. కానీ ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న అన్యాయమనీ అనలేం. 2024లో కొన్ని జట్లు రక్తపరిమాణం కొలవడానికి కార్బన్ మోనాక్సైడ్ పీల్చే పరికరం వాడుతున్నాయని బయటపడింది. అప్పటికి అది నిషేధం కాదు. పదేపదే పీల్చడాన్ని సమాఖ్య 2025 ఫిబ్రవరిలో నిషేధించింది. ఇలాంటిది పెన్సిల్‌తో, తేదీ వేసి రాసుకోవాలి. ఎప్పుడు ఏది చట్టబద్ధమో తేదీ లేకపోతే తర్వాత కలగాపులగం అయిపోతుంది.

నాలుగో గడి ‘గడువు’. ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి ప్రకారం ఉల్లంఘన జరిగిన పదేళ్ళలోపు చర్య తీసుకోవచ్చు, దాచిన నమూనాలని కొత్త పద్ధతులతో తిరిగి పరీక్షించవచ్చు. ఇది ఇంతకుముందు ఎనిమిదేళ్ళు ఉండేది. 1996 విజేత బ్యార్నే రీస్ 2007లో తానే ఒప్పుకున్నాడు. గడువు దాటింది కాబట్టి ఆయన పేరు ఇప్పటికీ పట్టికలోనే ఉంది. కాబట్టి మీ పుస్తకంలో 2025 ఎదురుగా పొగాచర్ పేరు రాయండి, మూడో గడి ఖాళీగా వదిలేయండి, నాలుగో దాంట్లో 2035 అని వేసి, మర్నాటి స్టేజ్ ఎన్నింటికో చూసుకోండి.